మంగళవారం స్లైడ్లు

నా పని మొదలు కావాలంటే ముందు ఇంకొకరి పని ముగియాలి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఈ సంగతి నాకు తెలిసింది. దానికి నేను చేయగలిగింది ఏమీ లేదని తెలియడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి పదేళ్ళు అయివుంటుంది. ఊళ్ళో ఒక చిన్న క్షయ ఆసుపత్రిలో నన్ను హెల్త్ విజిటరుగా వేశారు. రెండు గదులు, ముందు వరండా, వెనక రేకుల షెడ్డు. అంతే ఆసుపత్రి. దగ్గుతో వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, కఫం డబ్బీలో పట్టించడం, రోగం ఉందని తేలితే నెలనెలా మాత్రలివ్వడం, మధ్యలో మానేసినవాళ్ళను వెతుక్కుంటూ ఇళ్ళకు వెళ్ళడం నా పని. రోగం ఉందో లేదో తేల్చేది నేను కాదు. ఒక రకంగా డాక్టరు కూడా కాదు. రేకుల షెడ్డులో మైక్రోస్కోపు ముందు కూర్చునే మనిషి తేల్చాలి. ఆయన కాగితం రాసిస్తేనే డాక్టరు మాత్రలకు సంతకం పెట్టేవారు. అది నియమం.

ల్యాబులో ఉన్నది ఆయనొక్కడే. యాభై దాటిన మనిషి. బజారులో మూడు తరాలుగా బట్టల అంగడి నడుపుతున్న తెలుగువాళ్ళ ఇంటి బిడ్డ. అన్నదమ్ములందరూ అంగట్లో కూర్చుంటే ఆయన మాత్రం వయసులో ఉండగా మద్రాసు వెళ్ళి ఈ పని నేర్చుకొచ్చాడు. మా నాన్న మిషన్ బడిలో పంతులు. అంగడికి పండగ బట్టలకు వెళ్ళినప్పటి పరిచయం ఉండేది. అందుకని నేను ఆయన్ని 'అన్నా' అనేదాన్ని, ఆయన నన్ను 'సిస్టరమ్మా' అనేవాడు.

మంగళవారం మంగళవారం కఫం పరీక్ష. నాలుగో అయిదో డబ్బీలు చేరేవి. ఆయన ఆ రోజే ఈనుపుల్లతో గాజుపలక మీద కఫం పూసి, స్పిరిటు దీపం మీద ఆరబెట్టి, పెట్టెలో వరసగా పెట్టేవాడు. అక్కడితో ఆగేది. రంగు వేయడం, లెన్సులో చూడడం రేపటికి పడేది. రేపు వచ్చి ఎల్లుండికి పడేది. పక్క మంగళవారం పాతవాళ్ళు కాగితాల కోసం వచ్చి వరండాలో కూర్చునేవాళ్ళు. వాళ్ళకు నేను 'నాళె', రేపు రండి, అనేదాన్ని. కన్నడంవాళ్ళకూ తెలుగువాళ్ళకూ ఆ మాట ఒకటే అర్థమయ్యేది.

ఆయన ఖాళీగా ఉండేవాడు కాదు. అదే నాకు ఏం చెప్పాలో తోచని సంగతి. పొద్దున రాగానే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన మలేరియా జ్వరం స్లైడ్లకు రంగు వేసి, పెట్టెలో సర్ది, పైఆఫీసుకు పంపేవాడు. తర్వాత ఆఫీసర్ల ఇళ్ళ నుంచి వచ్చిన మూత్రం సీసాలు. ఆ తర్వాత డాక్టరు చీటీలు రాసిన రక్తపరీక్షలు. అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటేది. కిటికీలో వెలుతురు తగ్గిందనేవాడు.

"నావి ఎప్పుడు చూస్తావన్నా?"

"జ్వరం స్లైడ్లకు పైనుంచి తంతి వస్తాది సిస్టరమ్మా. నీ దగ్గుకు యెవుడు తంతి కొడతాడు?"

నవ్వుతూనే అనేవాడు. 

ఒక మంగళవారం సండూరు గనుల దగ్గరి యశ్వంతనగర్ నుంచి ఒకామె వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. గనిలో మొగుడూ పెళ్ళాలిద్దరూ పనిచేస్తారు. అతను రాయి కొడతాడు, ఆమె గంపలో మోస్తుంది. చీర కుచ్చిళ్ళ నుంచి కాలి గోళ్ళ దాకా ఎర్రటి దుమ్ము. ఎన్నిసార్లు ఉతికినా పోదని ముందే చెప్పింది, నేను అడగకుండానే.

"ఎన్నాళ్ళ నుంచి దగ్గు?"

"వానలు పడకముందు నుంచి ఉండాదమ్మా. ఆడ అందరూ దగ్గుతారు. దుమ్ముకు వస్తాదిలే అనుకున్యా. రాత్రయితే ఒళ్ళు కాలతాండాది."

డాక్టరు చూసి, ఛాతీ మీద గొట్టం పెట్టి విని, కఫం పరీక్ష రాశారు. వారం తర్వాత రమ్మన్నాను. వచ్చింది. కాగితం రాలేదు. మళ్ళీ వారం వచ్చింది. రాలేదు. రెండోసారి వచ్చినప్పుడు వరండా స్తంభానికి ఆనుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. పోతూ పోతూ, "అమ్మా, నేను వచ్చినప్పుడల్లా మేస్త్రి ఇంకోదాన్ని పనిలో పెట్టుకుంటాండాడు. ఇంకొక్క తూరి వస్తా. ఆ పైన నా చాత కాదు" అంది.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అప్పటికే నాకు చేతనైనవన్నీ చేసి ఉన్నాను. ఇంటి నుంచి కాఫీ తీసుకెళ్ళి ఇచ్చాను. చీటీలన్నిటి మీదా ఎర్ర పెన్సిలుతో 'అర్జెంటు' అని రాశాను. అన్నిటి మీదా రాయడంతో దానికి విలువ లేకుండా పోయింది. షెడ్డులో స్టూలు వేసుకుని ఆయన పక్కనే కూర్చున్నాను. మాట్లాడుతూ జ్వరం స్లైడ్లు సర్దుకున్నాడు. రంగు వేయడం నాకు నేర్పమన్నాను. సంతోషంగా నేర్పాడు. ఎర్ర రంగు పోసి ఆవిరి వచ్చేదాకా వేడిచేయడం, ఆమ్లంతో కడగడం, పైన నీలి రంగు వేయడం అన్నీ వచ్చాయి. స్లైడ్లు తయారు చేసి ఆయన ముందు పెట్టేదాన్ని. అవి అట్లాగే ఉండేవి.

చివరికి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన ధారవాడ వైపు మనిషి, నెమ్మదస్తుడు. కన్నడంలోనే మాట్లాడేవారు. నేను సగం తెలుగు, సగం కన్నడం కలిపి అంతా చెప్పాను. ఎన్ని స్లైడ్లు ఎన్ని వారాలుగా నిలిచిపోయాయో చూపించాను. ఆయన విని, "నోడ్రి, నాను హేళ్తీని" అన్నారు. చెబుతానన్నారు కదా అని నాకు ఊపిరి వచ్చింది.

ఆ సాయంత్రం ఆయన షెడ్డులోకి వెళ్ళడం చూశాను. ఏమన్నారో వినబడలేదు. బయటికి వచ్చినప్పుడు డాక్టరు ముఖం ఎర్రగా ఉంది. నేను రిజిస్టరులో తల దూర్చుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి పద్నాలుగు కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. పద్నాలుగింటిలోనూ ఒకటే మాట. క్రిములు లేవు.

నాకు అనుమానం రావలసింది. రాలేదు. పద్నాలుగు మందిలో ఒక్కరికైనా లేకపోవడం ఏమిటని ఆలోచించలేదు. పని జరిగింది, అది చాలనుకున్నాను. పక్క మంగళవారం యశ్వంతనగర్ ఆమె మూడోసారి వచ్చింది. కాగితం చేతికిచ్చి, "నీకు ఆ రోగం లేదంట. దగ్గుకు మందు రాసిస్తారు" అన్నాను. ఆమె కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది. చదవడం రాదు. అయినా చాలాసేపు చూసింది. తర్వాత నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది.

"నీ కడుపు సల్లగుండ. మా ఆయన్ను కూడా తోలుకోని వచ్చుంటే బాగుండు" అంటూ పరుగులాంటి నడకతో బస్సుకు వెళ్ళిపోయింది.

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ల్యాబు అన్న నా గదికి వచ్చాడు. ఎప్పుడూ రాడు. తలుపు దగ్గరే నిలబడి, "సిస్టరమ్మా, ఒక్క నిమిషం ఈడికి రా" అన్నాడు. షెడ్డుకు వెళ్ళాం. ఆ పద్నాలుగు స్లైడ్లూ వరసగా పెట్టి ఉన్నాయి. స్టూలు నా వైపు జరిపాడు.

"చూడు."

"నేను చూడ్డమేందన్నా?"

"చూడమ్మా. నీకు కండ్లు బాగుండాయి కదా."

కన్ను పెట్టాను. మొదట అంతా నీలంగా, బురదగా కనిపించింది. ఆయన పక్కనుంచి చెయ్యి పెట్టి చిన్న చక్రం తిప్పించాడు. నీలంలో సన్నగా, చిన్నగా, ఎర్రటి పుల్లలు. ఒకటి కాదు. రెండు మూడు కలిసి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తల ఎత్తి స్లైడు అంచున రాసిన నంబరు చూశాను. యశ్వంతనగర్ ఆమెది.

"నీకు కనబడతాండాయా?" అని అడిగాడు. అడిగిన తీరులోనే నాకు అర్థమైంది.

"నీకు కనబడవా అన్నా?"

ఆయన అప్పుడు చెప్పాడు. ఏడాదిన్నర నుంచి కళ్ళకు పొర కమ్ముతోందట. ఎండ నిలువుగా పడే వేళ కొంచెం పరవాలేదు, తర్వాత అంతా మసక. సీసాలో రంగు మారడం కనిపిస్తుంది. రక్తం రంగు పోల్చడం కనిపిస్తుంది. జ్వరం స్లైడ్లను చూసేది పైఆఫీసువాళ్ళు, ఇక్కడ రంగు వేస్తే చాలు. అప్పుడు గుర్తు చేసుకుని చూస్తే, ఆయన ముందుగా చేసే పనుల్లో ఒక్కటి కూడా లెన్సులో కన్ను పెట్టి చూసేది కాదు. నేను ఏడాదిగా ఆయన పక్కన కూర్చుని కూడా అది గమనించలేదు.

"తప్పు రాయకూడదని ఆపుకుంటా వచ్చినా సిస్టరమ్మా. ఎండ బాగుండే పూట చూద్దాంలే అని. ఆ పొద్దు డాక్టరు అంత మాట అన్యాక..." అని ఆగాడు. "కూచోని అన్నీ రాసేసినా. రెండు వారాల నుంచి నిద్ర లేదు."

డాక్టరుతో చెప్పింది నేనేనని ఆయనకు తెలుసో లేదో. తెలిసే ఉంటుంది. ఆ సంగతి ఎత్తలేదు.  ఆయన్ని తొందరపెట్టింది నేను. ఆ కాగితాన్ని ఆమె చేతిలో పెట్టిందీ నేనే.

మిగిలినవి కూడా ఒక్కొక్కటే నన్ను చూడమన్నాడు. మొత్తం నాలుగింటిలో ఎర్రపుల్లలు ఉన్నాయి.

"డాక్టరుకు చెప్పేద్దామన్నా."

"చెప్పు. నేను వద్దనను. అయితే ఒక మాట ఆలోచన చెయ్యి. నన్ను తీసేస్తే ఈ కుర్చీ ఖాళీగా ఉంటాది. ఇంకొకణ్ణి జల్ది పంపరు. అప్పుడు నీకు తప్పు కాగితం కూడా ఉండదు, సరి కాగితం కూడా ఉండదు."

ఆయన బెదిరించడం లేదు. ఉన్నది చెప్పాడు. నేను చెప్పలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు నేను స్లైడ్లు చూశాను, ఆయన సంతకం పెట్టాడు. మొదట్లో అనుమానం వచ్చిన ప్రతి స్లైడునూ రెండుసార్లు, మూడుసార్లు చూసేదాన్ని. నేర్చుకోని పనిని నేర్చుకున్నట్టు చేస్తున్నానని లోపల భయంగా ఉండేది. కాగితాలు మాత్రం వారంలోపల వచ్చేవి. డాక్టరు సంతోషించారు. నేను ఫిర్యాదు చేసినందువల్లే పని చక్కబడిందనుకున్నారు.

ఆ నలుగురిలో ముగ్గురు ఊళ్ళోవాళ్ళే. కఫం సరిపోలేదని అబద్ధం చెప్పి మళ్ళీ డబ్బీలు పట్టించి, కొత్త కాగితాలతో మందు మొదలుపెట్టించాను. రిజిస్టరులో పాత రాత దిద్దలేదు. ఒకటి దిద్దితే పద్నాలుగూ ఎందుకు తప్పాయని అడుగుతారు. యశ్వంతనగర్ ఆమె ఒక్కతే మిగిలింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కాను. తోరణగల్లు దగ్గర మారి, సండూరు మీదుగా చేరేసరికి మధ్యాహ్నమైంది. దారి పొడవునా చెట్ల ఆకులు కూడా ఎర్రగా ఉన్నాయి. కూలీల లైను ఇళ్ళల్లో అడిగితే చూపించారు. ఆమె ఇంటి ముందు గిన్నెలు తోముతోంది. నన్ను చూసి గబగబా లేచి చేతులు కడుక్కుంది. లోపల్నుంచి చాప తెచ్చి పరిచింది.

"ఇంత దూరం నా కోసరం వచ్చినావా అమ్మా!" అంటూ మొగుణ్ణి పిలిచింది. "నేను చెప్పలా, కాగితం ఇచ్చినమ్మ. ఈమే."

ఆ మాట మధ్యలోనే దగ్గు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకోసారి పరీక్ష చేయాలి. ఈ మంగళవారం వస్తావా?" అన్నాను.

"మళ్ళా ఏంది? లేదంటిరి కదా?"

"ఒక్కోసారి ఒక పరీక్షలో కనబడదు."

మొగుడు అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటున్నాడు. లోపలికి వెళ్ళి ఆ కాగితం తెచ్చాడు. దేవుడి పటం వెనక పెట్టుకున్నట్టున్నారు, కుంకుమ అంటింది.

"ఇది చూపిచ్చినాకే మేస్త్రి దీన్ని మళ్ళా పనిలో చేర్చుకున్యాడమ్మా. ఇప్పుడు నువ్వొచ్చి రోగం ఉండాదంటాండావు. యా మాట నమ్మల్ల మేము?"

"ఉందని అనడం లేదప్పా. చూడాలి అంటున్నాను."

"ఉంటే ఉండాదని చెప్పు. లేకుంటే లేదని చెప్పు. దీన్ని మళ్ళా పని మాన్పిచ్చి తోలమంటే యెట్ల?"

ఆ ఒక్క నిమిషంలో నిజం చెప్పి ఉండవచ్చు. ఆ కాగితం తప్పు, నేను నా కళ్ళతో చూశాను, నీ పెళ్ళానికి రోగం ఉంది అని చెప్పి ఉండవచ్చు. నా నోట్లోకి ఆ మాట వచ్చింది కూడా. లైన్లలోని నలుగురూ అప్పటికే చేరి వింటున్నారు. రోగమని ఒకరి చెవిన పడితే వాళ్ళను ఆ లైన్లో ఉండనివ్వరు. షెడ్డులోని మనిషి కూడా గుర్తొచ్చాడు. "తప్పకుండా రండి" అని మాత్రం అన్నాను. ఆమె మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

మంగళవారం రాలేదు. ఆ తర్వాతి మంగళవారమూ రాలేదు. ఇంకోసారి యశ్వంతనగర్ వెళ్ళాను. మేస్త్రి వాళ్ళను వేరే చోటికి తీసుకెళ్ళాడని చెప్పారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

నాలుగో నెలలో ల్యాబు అన్న తనంతట తానే కంటి ఆపరేషనుకు సెలవు పెట్టాడు. పని చక్కగా నడుస్తున్నప్పుడే పోతే అనుమానం రాదని ఆయన లెక్క. ఆయన చెప్పినట్టే జరిగింది. కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. స్లైడ్లను దూది చుట్టి పెట్టెలో పెట్టి రైల్లో హుబ్బళ్ళికి పంపమన్నారు. అక్కడివాళ్ళ పనిలో మావి ఎన్నో వరసలో ఉన్నాయో నాకు తెలియదు. మూడు వారాలకు, నాలుగు వారాలకు కాగితాలు వచ్చేవి. కొన్ని పగిలాయని రాసి పంపేవాళ్ళు. షెడ్డుకు తాళం. నేను చూస్తానని చెప్పడానికి లేదు. నాకు చూడడం వచ్చని ఎవరికీ తెలియకూడదు కదా.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున యశ్వంతనగర్ ఆమె వచ్చింది. రాలేదు, మొగుడు ఎత్తుకుని వచ్చాడు. సిరుగుప్ప వైపు హచ్చొళ్ళిలో ఆమె పుట్టిల్లట. ఒళ్ళు బాగలేదని అక్కడికి పంపాడట. నాట్లకు వంగిన మనిషి లేవలేకపోయిందట. రక్తం పడిందట. వరండాలో పడుకోబెట్టాడు. ఆమె నన్ను గుర్తుపట్టి నవ్వబోయింది.

డాక్టరు చూశారు. రిజిస్టరు తిప్పారు. అక్కడ 'క్రిములు లేవు' అని ఉంది. "స్లైడు పంపండి. కాగితం వచ్చాక మొదలుపెడదాం" అన్నారు. ఆయన తప్పు కాదు. మందు తక్కువగా వచ్చేది. కాగితం లేకుండా ఇస్తే పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారు.

నాలుగు వారాలు. నేను గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. మళ్ళీ లేచి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. తలుపు వేసి అంతా చెప్పాను. పద్నాలుగు కాగితాలు, ఎర్రపుల్లలు, మధ్యాహ్నాలు నేను చూడడం, ఆయన సంతకం పెట్టడం. చెబుతూ ఉంటే ఏడుపు వచ్చింది. ఆయన పెన్ను కింద పెట్టారు.

"నిమగె యావాగ గొత్తాయ్తు?" నాకు ఎప్పుడు తెలిసిందని అడిగారు.

"అయిదు నెలలైంది సార్."

 కోప్పడతారని, పేరు రాసుకుంటారని, పైకి రాస్తారని ఎదురుచూశాను. ఆయన చీటీ లాక్కుని సూదిమందూ మాత్రలూ రాసి, తన బాధ్యత మీద ఇస్తున్నట్టు కింద రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టారు. చీటీ నా వైపు తోసి, "హోగ్రి" అన్నారు. వెళ్ళమని. ఆ తర్వాత ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు. నాతో అవసరమైనంత వరకే మాట్లాడేవారు.

ఆమె బతికింది. ఏడాదిన్నర మందు తిన్నది. మొగుడు గని పని మానేసి హచ్చొళ్ళిలోనే పొలం పనుల్లో కుదిరాడు. నెలనెలా మాత్రలకు అతనే వచ్చేవాడు. నా చేతి పొట్లం అక్కడే విప్పి, ఒక్కొక్క మాత్రా ముట్టి చూసుకుని, మళ్ళీ కట్టుకునేవాడు.  మందు ముగిసిన రోజు డాక్టరు ఆమె ఛాతీ విని, ఎడమ పక్క ఊపిరితిత్తి ఇక పనికిరాదని, బరువు ఎత్తకూడదని చెప్పారు. ముందే మొదలుపెట్టి ఉంటే ఎట్లా ఉండేదో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ల్యాబు అన్న మందపాటి అద్దాలతో తిరిగి వచ్చాడు. ఆయన్ని మైక్రోస్కోపు దగ్గర కాకుండా స్టోరులో వేశారు. ఎందుకో ఆయన అడగలేదు. దారిలో ఎదురైతే "బాగుండావా సిస్టరమ్మా?" అనేవాడు. నేను బాగున్నాననేదాన్ని. రెండు మూడుసార్లు ఆగి, డాక్టరుకు అంతా చెప్పింది నేనేనని చెప్పాలనుకున్నాను. ఆయనే, "ఎండగా ఉండాది, పోమ్మా" అని పంపేసేవాడు.

చాలా కాలానికి షెడ్డులోకి కొత్తవాడు వచ్చాడు. బెంగళూరులో చదివినవాడు, చురుకైన కళ్ళు. మొదటి మంగళవారం పదకొండు డబ్బీలు తీసుకెళ్ళి అతని బల్ల మీద పెట్టాను. ఏదో పెద్ద రిపోర్టు రాసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, అక్కడ పెట్టండి, చూస్తాను అన్నాడు. ఎప్పుడు చూస్తారని అడగబోయి ఊరుకున్నాను. వరండాలో పదకొండు మందీ నా ముఖం కేసి చూస్తున్నారు.